నెక్స్ట్ స్టాప్ గారికి వెనకబండి వందనం

పంతొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం ఆగస్టు ఒకటవ తేదీ ఉదయం, మన రవాణా సంస్థ కేంద్ర వర్క్‌షాపు గేటు ముందు కొత్తగా ఉద్యోగంలో చేరవలసిన యువకులు వరుస కట్టి నిలబడి ఉన్నారు. ఆ వరుసలో అందరికంటే ముందు నిలబడినవారు నేడు పదవీ విరమణ చేస్తున్న మన సిబ్బంది వ్యవహారాల సంచాలకులు. వారి వెనక నిలబడినవాణ్ణి నేను. నిజం చెప్పాలంటే గేటు దగ్గరకు ముందు చేరింది నేనే. "ఒక్క నిమిషం, బోర్డు మీద ఏం రాశారో చూసి వస్తా" అంటూ వారు నన్ను దాటి ముందుకు వెళ్ళారు, చూశారు, అక్కడే నిలబడిపోయారు. హాజరు పట్టీలో మొదటి సంతకం వారిది, రెండవది నాది. అప్పటి నుంచి ఇప్పటి వరకు మా ఇద్దరి వరస మారలేదు.

మన సంస్థలో ఒక ఆనవాయితీ ఉంది. పదవీ విరమణ చేసేవారిని గురించి వీడ్కోలు సంచికలో అభినందన వ్యాసాన్ని వారి కుర్చీలో కూర్చోబోయేవారే రాయాలి; రాసినదాన్ని సభలో వారి ఎదుటే చదవాలి; ఆ తరువాతే వారు లేచి స్పందన ప్రసంగం చేయాలి. ఈ పద్ధతి పెట్టిన పెద్దలెవరో గాని మనుషులను బాగా ఎరిగినవారు. పొగడ్త ఎవరైనా రాయగలరు గాని, ఒక కుర్చీ ఎలాంటి స్థితిలో చేతికొచ్చిందో తెలిసేది అందులో తరువాత కూర్చున్నవాడికే. ఆ విధంగా చూస్తే సంచాలకులవారిని గురించి రాయడానికి నాకున్న అర్హత ఈ సంస్థలో మరెవరికీ లేదు. వారు ఖాళీ చేసిన ప్రతి కుర్చీలోనూ నేనే కూర్చున్నాను. రేపు కూర్చోబోయేది ఐదవది.

కార్మిక మిత్రులు వారిని చాటుగా "నెక్స్ట్ స్టాప్ సారు" అంటారు. ఈ సంగతి వారి శ్రీమతిగారికీ కుమార్తెకూ ఇప్పుడే తెలుస్తున్నట్లయితే నన్ను మన్నించాలి. ఒక కుర్చీలో కూర్చున్న రోజే తరువాతి కుర్చీ ఎక్కడుందో చూసిపెట్టుకునే వారి ముందుచూపుకి అదొక నమస్కారం. నన్ను "వెనకబండి" అంటారు. ముందు బండి ఆగకుండా వెళ్ళిపోతే స్టాపులో మిగిలిన జనం తిట్లన్నీ తినేది వెనక వచ్చే బండే కనుక, ఆ పేరు కూడా నాకు సరిగ్గానే అతికింది.

ఈ సంచికకు సంపాదకత్వం వహిస్తున్న మన లెక్కల అధికారిణి నా చిత్తుప్రతి చదివి, "సార్, తీపి కాస్త తగ్గిందేమో" అన్నారు. "ముందు పేజీల్లో అందరూ కలిసి ఒలకబోశారు కదమ్మా, నా దాకా మిగల్లేదు" అన్నాను. ఆమె నవ్వాపుకుని అచ్చుకి ఒప్పుకున్నారు. అందుకు ఆమెకు కృతజ్ఞుణ్ణి.

ఇక వారి ఉద్యోగ జీవితానికి వస్తాను. వర్క్‌షాపులో సహాయక ఇంజనీరుగా వారు చూపిన ప్రతిభ అసామాన్యమైనది. మరమ్మతులకు వచ్చి పడి ఉన్న బస్సుల వల్ల సంస్థ ప్రతిష్ఠ మసకబారుతోందని గ్రహించి, ఇంజన్ల జోలికి ఏమాత్రం పోకుండా, ఒక్క వేసవిలో షెడ్డులోని బస్సులన్నింటికీ కొత్త రంగు వేయించారు. తనిఖీకి వచ్చిన పెద్దలు ఆ తళతళల మధ్య నడుస్తూ ముగ్ధులైపోయారు. వాటిలో ఒక్కదాన్నైనా స్టార్టు చేసి చూపించమని అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఆ ఏడే రాకపోకల విభాగంలో పై పదవికి వారి పేరు పరిశీలనకు వచ్చింది.

ఆ పదవి కోసం జరిగిన ఇంటర్వ్యూ నాటి సంఘటన ఒకటి ఇక్కడ చెప్పాలి. వారిలోని మనిషిని నేను దగ్గరగా చూసింది ఆ ఒక్క రోజే. ఇంటర్వ్యూకి బయలుదేరబోతూ, చివరిసారిగా ఒక బస్సులోకి ఎక్కి చూసి దిగుతుంటే, సీటులోంచి పైకి పొడుచుకొచ్చిన స్ప్రింగు తగిలి వారి ప్యాంటు ఎడమ మోకాలి దగ్గర జానెడు చిరిగింది. ఇంటికి వెళ్ళి మార్చుకునే వ్యవధి లేదు. నేను వారిని పక్కనున్న సీట్ల విభాగంలోకి తీసుకుపోయాను. అక్కడ బస్సు సీట్లకు రెగ్జిన్ కుట్టేవారిలో మా వదిన ఒకరు, అంటే మా అన్నయ్య భార్య. కుట్టు తీసేసిన సీట్ల చాటున, నడుముకి ఒక రెగ్జిన్ ముక్క చుట్టుకుని వారు కూర్చున్నారు. ప్యాంటు మా వదిన ఒళ్ళో ఉంది.

"కుదురుగా కూర్చోండి సార్, ఆ రెగ్జిన్ జారుతుంది. అసలే అది నున్నటి రకం" అంది మా వదిన, సూదిలో దారం ఎక్కిస్తూ.

వారు నవ్వలేదు. చేతులు వణుకుతున్నాయి. "మా నాన్న పోస్టాఫీసులో ఒకే కిటికీ వెనక కూర్చుని రిటైరైపోయాడమ్మా" అన్నారు హఠాత్తుగా. "ఆఖరి రోజున సాగనంపడానికి వచ్చినవాళ్ళలో సగం మందికి ఆయన పేరే తెలీదు. 'కిటికీ ఆయన' అన్నారు. నేనట్లా మిగిలిపోను. ఎట్లాగైనా సరే మిగిలిపోను."

"ఎందుకు మిగిలిపోతారు? ఇదుగో, అయిపోయింది. వెళ్ళి పైకి రండి" అంటూ మా వదిన దారం పళ్ళతో తెంపింది. బూడిద రంగు ప్యాంటు మీద సీట్లకు వాడే ముదురు ఎరుపు దారం. వేరే రంగు అక్కడ లేదు. వారు ప్యాంటు తొడుక్కుని, మా వదినకు రెండు చేతులూ జోడించి, "ఈ మేలు మరిచిపోనమ్మా" అన్నారు. ఇంటర్వ్యూ జరిగినంతసేపూ ఎడమ చేయి మోకాలి మీద నుంచి తీయలేదట. పెద్దలు దాన్ని వినయంగా భావించి ప్రత్యేకంగా మెచ్చుకున్నారట. ఆ రోజు సీట్ల చాటున కూర్చున్న ఆ కుర్రాడి మీద నాకు నిజంగానే ప్రేమ కలిగింది. ఇప్పటికీ వారి మీద కోపం నెత్తికెక్కినప్పుడల్లా ఆ వణికే చేతులు గుర్తుకొచ్చి సగం దిగిపోతుంది. మిగతా సగం గురించే ఈ వ్యాసం.

వారు వెళ్ళారు, వర్క్‌షాపు కుర్చీ నాకు వచ్చింది. నా చేతికొచ్చిన బస్సులు మెరిసేవి గాని కదిలేవి కావు. నడిరోడ్డు మీద ఆగిపోయిన ఒక బస్సును ప్రయాణికులు తోసి తోసి, చివరికి డిపోకి తెచ్చి అప్పగించారు. వారిలో ఒక పెద్దాయన తన రెండు అరచేతులూ నా ముఖం ముందు చాపి, "రంగు బాగుంది బాబూ, చేతికి కూడా బాగా అంటింది" అన్నాడు. నేను ఆయనకు కిరసనాయిలు గుడ్డ ఇచ్చి, మంచినీళ్ళు తెప్పించి, క్షమించమన్నాను. క్షమాపణ చెప్పడంలో నా వృత్తి నైపుణ్యం ఆ రోజుతో మొదలైందని చెప్పుకోవచ్చు.

రాకపోకల విభాగంలో సంచాలకులవారు సాధించిన ప్రగతి గురించి సంస్థ వార్షిక నివేదికలు ఘనంగా చెప్పుకున్నాయి. అదే బస్సులతో, అదే డ్రైవర్లతో, అదే రోడ్ల మీద ఎక్కువ ట్రిప్పులు నడిపించవచ్చునని వారు నిరూపించారు. అందుకు వారు అవలంబించిన ఉపాయం సరళమైనది, నిరాడంబరమైనది: ప్రతి రూటుకూ పట్టే సమయాన్ని పట్టికలో తగ్గించి వేశారు. వారికి ప్రశంసాపత్రం వచ్చింది. ప్రజాసంబంధాల అధికారిగా పదోన్నతి వచ్చింది. నేను ఆ గదిలో అడుగుపెట్టేసరికి డ్రైవర్లు గోడల వెంట నిలబడి ఉన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. వారిలో వయసులో పెద్దవాడు మాత్రం మాట్లాడాడు.

"సార్, మీ కాగితం మీద సిగ్నళ్ళు లేవా?"

"అది నా కాగితం కాదు పెద్దాయనా."

"ఆ మాట ఆ సార్ కూడా చెప్పారు. పైనుంచి వచ్చిందన్నారు. మీరు ముందునుంచి వచ్చిందంటారు. ఇక్కడ ఒంటేలుకి దిగే టైమన్నా రాయండి సార్, మిగతాది మేం చూసుకుంటాం."

ఆ పట్టికలు సరిచేయడానికి నాకు పట్టిన కాలంలో ట్రిప్పుల సంఖ్య పడిపోయింది. వార్షిక నివేదికలో ఆ పతనం నా పేరున నమోదైంది. అయినా డ్రైవర్లు నన్ను తిట్టడం మానేశారు కనుక నాకు పెద్ద బాధ కలగలేదు.

ప్రజాసంబంధాల విభాగంలో వారి సేవలను తలచుకుంటే ఈనాటికీ నాకు నవ్వు ఆగదు. ఈ వ్యాసంలో మనసారా నవ్వగలిగిన ఘట్టం కూడా ఇదొక్కటే. ప్రయాణికుల గోడు వినని సంస్థకు మనుగడ లేదని పత్రికల వారి ముందు గంభీరంగా ప్రకటించి, ప్రతి బస్టాండులోనూ ఒక ఇనుప ఫిర్యాదుల పెట్టె పెట్టించారు. నీలం రంగు, తెల్లటి అక్షరాలు, పైన కాగితం వేయడానికి సన్నటి చీలిక. మొదటి పెట్టెలో మొదటి కాగితం వారే వేస్తున్న ఫొటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ఆ ఫొటో సిరా ఆరకముందే వారికి శిక్షణ విభాగం అధిపతిగా పిలుపు వచ్చింది. నేను ఆ కుర్చీలో కూర్చుని, పెట్టెల తాళంచెవులు ఏవని అడిగాను. పెట్టెలకు తాళాలు లేవు. తాళాలు లేకపోవడానికి కారణం తలుపులు లేకపోవడం. నాలుగు వైపులా, అడుగునా పకడ్బందీగా వెల్డింగు చేసేశారు. కాగితం లోపలికి వెళ్ళగలదు; బయటకు రావడానికి దారి పెట్టించడం ఎవరికీ తట్టలేదు.

వర్క్‌షాపు నుంచి గ్యాస్ కట్టరు తెప్పించి ఒక్కొక్క పెట్టెనూ అడుగున కోయించాను. కోత మంటకి లోపలి కాగితాలు కొన్ని అంటుకున్నాయి. మిగిలినవాటిని చదివి, రాసినవారందరికీ జవాబులు పంపాను. "ఆలస్యానికి చింతిస్తున్నాము" అని మొదలయ్యే ఉత్తరం నేను ఇప్పుడు నిద్రలో కూడా రాయగలను.

శిక్షణ విభాగం దగ్గరకు వచ్చాక వ్యంగ్యాన్ని కాసేపు పక్కన పెడతాను. అక్కడ సంచాలకులవారు చేసిన ఆలోచన మంచిది. మన సంస్థలో ఏ అధికారీ చేయనంత మంచిది. ఒక పనిలో చేరినవారు అదే పనిలో ముసలివారు కావలసిన అవసరం లేదని, ఎవరైనా రెండవ వృత్తి నేర్చుకుని మరో విభాగానికి మారవచ్చునని, అందుకు సంస్థే శిక్షణ ఇస్తుందని వారు ఒక పథకం రూపొందించారు. దానికి "ఎదుగుదల" అని పేరు పెట్టారు. ఆ పేరు వెనక పోస్టాఫీసు కిటికీ ఉందని నాకు తెలుసు. అందుకే మొదటి రోజు శిక్షణ హాలులో వారు మాట్లాడుతుంటే నేను కూడా వెనక వరుసలో కూర్చుని శ్రద్ధగా విన్నాను, చప్పట్లు కొట్టాను.

హాలు కిక్కిరిసి ఉంది. కండక్టర్లు, మెకానిక్కులు, వాచ్‌మన్లు, సీట్ల విభాగం ఆడవాళ్ళు. అప్పటికే కొత్త బస్సులకు అచ్చుపోసిన ప్లాస్టిక్ సీట్లు వస్తున్నాయి; రెగ్జిన్ కుట్టేవారికి పని తగ్గిపోతోంది. మా వదిన లేచి నిలబడి, ఉన్న అనుమానం సూటిగా అడిగింది.

"సార్, నేను కరెంటు పని నేర్చుకుని అటు మారితే, ఇన్నేళ్ళ నా సర్వీసు ఏమవుతుంది? మళ్ళీ మొదటి నుంచి లెక్కేస్తారా?"

సంచాలకులవారు వేదిక దిగి వచ్చి, ఆమె కూర్చున్న వరుస దగ్గర నిలబడి జవాబిచ్చారు. "మీ సీనియారిటీ ఎక్కడికీ పోదమ్మా. ఒక్క రోజు కూడా పోదు. దానికి నాది పూచీ. నా మాట మీద నమ్మకం ఉంచి నేర్చుకోండి." అవే మాటలు. అక్షరం మార్చకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు హాలులో ఉన్నవారందరికీ అవి కంఠతా వచ్చు.

నమ్మారు, నేర్చుకున్నారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచి సూది తప్ప పట్టని మా వదిన, నడివయసులో వైర్ల రంగులు నేర్చుకుంది, నిచ్చెన ఎక్కడం నేర్చుకుంది. మొదటిసారి షాక్ కొట్టిన రోజు ఇంటికొచ్చి, "ఏం మరిదిగారూ, మీ ఎదుగుదల నన్ను ఎగరేసింది" అని పకపకా నవ్వింది. "భయం లేదా వదినా?" అంటే, "భయమేంటి, రెండూ దారాలే కదా. ఇదైతే కాస్త కోపం ఉన్న దారం" అంది. పరీక్ష పాసై, సీట్ల విభాగం వదిలి, విద్యుత్ విభాగంలో చేరింది. ఒక కండక్టరు కంప్యూటరు గదికి మారాడు. ఒక మెకానిక్కు డ్రైవింగ్ బడిలో శిక్షకుడయ్యాడు. పథకం గొప్పగా విజయవంతమైంది. దాన్ని రూపొందించినవారిని సిబ్బంది వ్యవహారాల సంచాలక పదవి వరించింది. శిక్షణ విభాగం కుర్చీ, షరా మామూలుగా, నాకు దక్కింది.

సిబ్బంది వ్యవహారాల సంచాలకులుగా వారు జారీ చేసిన తొలి ఉత్తర్వుల్లో ఒకటి ఇది: వృత్తి మార్చుకున్న ఉద్యోగుల సర్వీసు, వారు కొత్త విభాగంలో చేరిన నాటి నుంచే లెక్కించబడును. అంటే మా వదిన కొత్త ఉద్యోగి. తన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి తనకు పై అధికారి. ఉత్తర్వు కింద సంతకం, వేదిక దిగి వచ్చి పూచీ ఇచ్చిన ఆ పెద్దమనిషిదే. అప్పటికి వారు స్వయంగా నాలుగుసార్లు విభాగం మారి ఐదవ దాంట్లో కూర్చున్నారు. బస్సుల నుంచి పట్టికలకు, పట్టికల నుంచి పత్రికలకు, పత్రికల నుంచి పాఠాలకు, పాఠాల నుంచి మనుషులకు. వారి సర్వీసులో ఒక్క రోజు కూడా తరగలేదు. మారిన ప్రతిసారీ హోదా పెరిగింది. ఒక్కసారి మారినవారికి మాత్రం ఉన్నదంతా పోయింది. ఇది చూసి నా కడుపు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. సంచికకు తగిన పదం దొరక్క ఆ మాటే రాస్తున్నాను.

నేను వెంటనే వారి గదికి వెళ్ళాను. "సార్, ఆ రోజు హాల్లో మీరు మాటిచ్చారు" అన్నాను.

"ఇచ్చానేమో. అప్పుడు నేను శిక్షణాధికారిని. ఇప్పుడు సిబ్బంది సంగతి చూడాలి. ఆ కుర్చీలో అన్నమాట ఈ కుర్చీ ఎట్లా నిలబెడుతుందయ్యా?"

"కుర్చీ కాదు సార్, మాట ఇచ్చింది మీరు."

"ఇప్పుడా కుర్చీలో నువ్వున్నావుగా? వాళ్ళకి నువ్వే నచ్చజెప్పు. నీకు అలవాటేగా" అన్నారు, ఫోను చేతిలోకి తీసుకుంటూ.

నచ్చజెప్పడం నాకు అలవాటే. రంగు అంటిన చేతులకీ, ఒంటేలు ఆపుకున్న డ్రైవర్లకీ, పెట్టెల్లో కాలిపోయిన ఫిర్యాదులకీ నచ్చజెప్పాను. ఈ ఒక్కదానికి నా నోరు పెగల్లేదు. ఇంట్లో అన్నం దగ్గర మా వదిన ఎదురుగా కూర్చుంటుంది. "కూర వేసుకో" అంటుంది.

ఇంతటితో ఆగి ఉంటే నేనూ మర్యాదగా నాలుగు మంచి మాటలు రాసి ఊరుకునేవాణ్ణేమో. వచ్చే నెల నుంచి సంస్థలో సిబ్బంది తగ్గింపు మొదలవుతోంది. చివర చేరినవారు మొదట వెళ్ళాలన్నది నియమం. ఆ ఉత్తర్వు పుణ్యమా అని, ఎదుగుదల పథకంలో చేరినవారందరూ చివర చేరినవారే. చిన్న వయసులో చేరి అప్పటి నుంచి ఇక్కడే పనిచేసినవారు, నిన్నగాక మొన్న వచ్చినవారికంటే ముందు గేటు దాటాలి. మా అన్నయ్యకు పని లేదు. ఇంట్లో జీతం మా వదినదొక్కటే. మిగతావారి ఇళ్ళ సంగతి కూడా ఇంతకంటే మెరుగ్గా లేదు.

ఆ ఉద్యోగులు పెట్టుకున్న మొరను సంస్థ సమీక్షా సంఘం విని, ఒక దారి చూపింది. ఆ హామీ ఇచ్చిన అధికారి, తాను ఇంకా సర్వీసులో ఉండగా, "అవును, ఆ మాట నేనన్నాను" అని నోటితో చెప్తే చాలు. పాత సర్వీసు తిరిగి కలుపుతారు. కాగితం అక్కర్లేదు. అయితే పదవీ విరమణ అయ్యాక చెప్పే మాట చెల్లదు. అప్పుడది ఒక పెద్దాయన జ్ఞాపకం మాత్రమే అవుతుంది. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి నేను సంచాలకులవారి గది చుట్టూ తిరుగుతున్నాను. మొదట "చూద్దాం" అన్నారు. తరువాత "వెళ్ళేముందు ఈ రొష్టు ఎందుకయ్యా, నా ఉత్తర్వే తప్పని నేనే చెప్పుకోవాలా?" అన్నారు. ఆఖరికి, "అసలట్లా అన్నట్టు నాకు గుర్తే లేదు. అప్పుడు బోలెడు మాట్లాడాను" అన్నారు.

గుర్తు లేదన్న మాటను నేను నమ్మాను. క్రిందటి వారం దాకా నమ్మాను. ఆ రోజు వారి గదిలో ట్యూబులైటు పోయింది. నేను అక్కడే కూర్చుని, అడిగిందే మళ్ళీ అడుగుతున్నాను. విద్యుత్ విభాగం నుంచి మనిషి వచ్చింది. భుజాన నిచ్చెనతో మా వదిన. ఆఫీసులో నన్ను చూస్తే ఆమె మరిది అనదు. "నమస్తే సార్" అని ఊరుకుంటుంది. నిచ్చెన వేసి, ఎక్కి, పాత లైటు తీస్తోంది. వారు కింద నుంచి తలెత్తి చూసి, ఆదరంగా పలకరించారు.

"కొత్తగా చేరావా అమ్మా?"

మా వదిన పని ఆపలేదు. "అవును సార్. మీ ఉత్తర్వు ప్రకారం కొత్తగానే చేరాను" అంది. కొత్త లైటు బిగించింది, వెలిగేదాకా చూసింది, నిచ్చెన ముడిచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

"ఎవరావిడ?" అన్నారు వారు.

"మీ ఇంటర్వ్యూ రోజున ఎర్రదారంతో కుట్టిందే సార్, ఆవిడ."

వారు కిటికీ వైపు తిరిగారు. అయితే నేను చూశాను: వారికి తెలియకుండానే వారి ఎడమ చేయి వెళ్ళి మోకాలి మీద వాలింది. చాలాసేపు అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళనాటి చిరుగు గుర్తున్నవారికి, అంతకంటే ఎంతో ఇటీవల నిండు సభలో అన్న మాట గుర్తు లేదంటే నేను నమ్మను. ఈ సంగతి రాయడం మర్యాద కాదని తెలుసు. తెలిసే రాస్తున్నాను.

వారి శ్రీమతిగారు ఒకసారి నాతో, "ఈయన ఇంట్లో కూడా ఏ గదిలోనూ పది నిమిషాలు కుదురుగా కూర్చోరండీ" అని వాపోయారు. అమ్మా, రేపటి నుంచి మీకు ఆ బాధ ఉండదు. వారికి ఇక తరువాతి స్టాపు లేదు. అందుకే నాకు ఇంకా కొంచెం ఆశ. తరువాతి కుర్చీ కనిపిస్తున్నంతకాలం వారు వెనక్కి తిరిగి చూడలేకపోయారు. ఇవాళ చూడాల్సిన కుర్చీ ముందు లేదు. తండ్రిగారిని సాగనంపినవారికి ఆయన పేరు తెలియదని వారు జీవితమంతా బాధపడ్డారు. వారి పేరు ఇక్కడ అందరికీ తెలుసు. ఏ పేరుతో తలుచుకోవాలన్నదే ఈ సాయంత్రానికి మిగిలిన ప్రశ్న.

సభ జరుగుతున్నది శిక్షణ హాలులోనే. మాట ఇచ్చిన చోటు అదే. ఆ రోజు విన్నవారిలో చాలామంది ఎదురుగా కూర్చుని ఉంటారు. సమీక్షా సంఘం అధ్యక్షురాలు వేదిక మీదే ఉంటారు. ఆఫీసు ముగిసే గంట ఇంకా కొట్టి ఉండదు. కాబట్టి నేను ఈ కాగితాలు మడిచి దిగేసరికి వారు ఇంకా మన సంచాలకులే. తరువాత మైకు వారి ముందుకు వస్తుంది. మైకు సరిచేసి పెట్టే పని విద్యుత్ విభాగానిది. డ్యూటీలో ఉన్నది మా వదిన.

చివరగా వారికి ఆరోగ్యాన్నీ ఆయుష్షునూ కోరుకోవాలి. ఈ భాగం రాయడానికి నాకు చేయి రాలేదు. నిన్న సాయంత్రం ఇంట్లో ఈ వ్యాసమంతా మా వదినకు చదివి వినిపించాను. వంటింటి గుమ్మంలో నిలబడి మొత్తం విన్నది. రంగు అంటిన చేతుల దగ్గర నవ్వింది. తన సంగతి వచ్చినప్పుడు తల తిప్పుకుంది.

"ఇంకా ఏం రాయాలి?" అంది.

"ఆయన బాగుండాలని రాయాలి. నాకు రావడం లేదు వదినా."

"ఎందుకు రాదు? ఆయన బాగుండకపోతే మనకేం ఒరుగుతుంది? ఆ రోజు ఆ పిల్లాడి చేతులు ఎట్లా వణికాయో నువ్వూ చూశావుగా. వెళ్ళి పైకి రమ్మని పంపింది నేనే. వెళ్ళాడు. ఇప్పుడొక్కసారి కిందికి చూసి, ఆ మాట నేనే అన్నానని చెప్పమను. చెప్పి, నూరేళ్ళు బతకమను."

నాకు ఇంతకంటే మంచి వాక్యం చేతకాదు. సార్, మైకు మీ ముందుంది. ఆ మాట చెప్పండి. చెప్పి, నిండు ఆరోగ్యంతో నూరేళ్ళు బతకండి.